అవ్వ కొనుక్కున్న వరండా

ఇల్లు చూడ్డానికి పోయినవాళ్ళు బావిలో నీళ్ళు చూస్తారు, వాస్తు చూస్తారు, ఇరుగుపొరుగు ఎవరని అడుగుతారు. మా అవ్వ, అంటే మా అమ్మ, వరండాలో పడుకుని చూసేది.

అబద్ధం కాదు. సిద్దిపేటలో ఆ ఏడు మేము ఎన్ని ఇళ్ళు చూశామో అన్నింట్లోనూ ఇదే తంతు. ఇల్లు అమ్మే ఆసామి వంటింటి గూళ్ళు చూపిస్తుంటే, అవ్వ "జర ఉండు నాయినా" అని కొంగు నడుముకు చెక్కి, వరండా నేల మీద వెల్లకిలా పడుకునేది. దక్షిణం దిక్కు తల పెట్టి కాళ్ళు బారజాపేది. చేయి వెనక్కి పెట్టి గోడకు ఎంత జాగ మిగిలిందో తడుముకునేది. తర్వాత లేచి దర్వాజ నుంచి గేటు దాకా నడిచి, రెండు చేతులూ చాపి గేటు వెడల్పు చూసేది. అమ్మేవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు. ఒకాయన నన్ను పక్కకు పిలిచి "అవ్వకు పాణం మంచిగ లేదా?" అని అడిగాడు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఆ వయసులో సిగ్గు ఎక్కువ, ఓపిక తక్కువ. నాకైతే ఓపిక తర్వాత కూడా పెరగలేదు.

"ఏందవ్వా నీ పిచ్చి? మంది నవ్వుతున్రు" అని తొవ్వలో గొణిగితే, "నవ్వనియ్యి. పండుకునేది నేను గద" అనేది.

చచ్చిపోయాక తనను పండబెట్టే జాగను కొలుచుకునేది అవ్వ. చుట్టాలు చుట్టూ కూర్చుని ఏడవడానికి వీలుండాలి, నలుగురు పాడె ఎత్తుకుంటే వంకర తిరగకుండా గేటు దాటాలి. అంతే ఆమె లెక్క. కిటికీలెన్ని, అర్రలెన్ని అని ఒక్కనాడూ అడగలేదు.

ఎందుకట్లా అంటే మా బాపు సంగతి చెప్పాలి.

బాపుకు బజార్లో చిన్న కిరాణం దుకాణం ఉండేది. దుకాణం వెనక గల్లీలో రెండర్రల కిరాయి ఇల్లు. బాపు, అవ్వ, అన్న, నేను. ఎనభైల మొదట్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఒకనాడు పొద్దున బాపు గల్లా దగ్గర కూర్చుని ఛాతీ పట్టుకున్నాడు. దవాఖానకు తీసుకుపోయారు. పగటికల్లా పోయాడు. రిక్షాలో ఇంటికి తెచ్చేసరికి ఇంటి ఓనరమ్మ దర్వాజకు అడ్డంగా నిలబడి ఉంది.

"మా బిడ్డ లగ్గం పెట్టుకున్నం. పీనుగను లోపలికి తేకున్రి. మీకు దండం పెడత" అంది.

ఆమె చెడ్డ మనిషేం కాదు. పండుగ పూట మాకు గిన్నెడు పాశం పంపే మనిషి. మా దిక్కు అది రివాజు. కిరాయి ఇంట్లో చావు రాకూడదు. వస్తే పీనుగ గడప తొక్కకూడదు, దినాలు అయ్యేదాకా ఆ ఇంటివాళ్ళు కూడా తొక్కకూడదు. ఓనరు సందు చూపిస్తే సందులో, చెట్టు చూపిస్తే చెట్టు కింద. అందరూ చేసే పనే కనుక ఎవరికీ తప్పనిపించదు. మా బాపును మురుగు పారే మోరీ పక్కన చాప మీద పండబెట్టారు. తుంపర పడుతోంది. దుకాణంలోంచి తాడిపత్రి తెచ్చి ఇటు గోడకూ అటు కరెంటు స్తంభానికీ కట్టారు.

అంతలో వడ్ల బస్తాలేసుకుని ఒక ఎడ్లబండి వచ్చింది. సందు ఇరుకు. బండాయన దిగి, నెత్తి మీది రుమాలు తీసి, పాపం మర్యాదగానే అడిగాడు. "జర పక్కకు జరపున్రి, బండి పోవాలె." బాపును చాపతో సహా జరిపారు. బండి చక్రం కాళ్ళ దగ్గర్నుంచి పోతుంటే అవ్వ ఆయన పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వాటి మీద వంగి కూర్చుంది. ఆనాడు అవ్వ ఏడ్చిందో లేదో నాకు గుర్తులేదు, అట్లా వంగి కూర్చోవడం గుర్తుంది.

దినాలు అయ్యేదాకా దుకాణంలోనే పప్పు బస్తాల మధ్య పడుకున్నాం. ఆ తర్వాత వేరే గల్లీలో వేరే కిరాయి ఇల్లు. గల్లా మీద బాపు జాగలో అవ్వ కూర్చుంది. ఆనాటి నుంచి ఆమె దినచర్యలో ఒక మంత్రం చేరింది. పొద్దున దీపం ముట్టించి, దేవునికి దండం పెట్టి, ఆ చేతులతోనే ఓనరమ్మకు శాపం పెట్టేది. "దాని నోట్లె మన్ను వడ. దాని కొంప ఆగంగాను." తర్వాత ఇంకో మాట. "నాకు సొంతంగ ఒక గడప ఉండాలె. నన్ను ఎవ్వలు జరుపొద్దు." ఈ రెండూ వింటూ నేను జడలేసుకునేదాన్ని, అన్న పండ్లు తోముకునేవాడు. అలవాటైపోతే శాపం కూడా సుప్రభాతమే.

ఎనభైల చివరికి అవ్వకు నచ్చిన వరండా దొరికింది. ఊరి బయట, హుస్నాబాద్ పోయే తొవ్వ నుంచి లోపలికి తిరిగితే కొత్తగా వెలిసిన కాలనీ. అవ్వ పడుకుంది, కాళ్ళు చాపింది, లేచి దుమ్ము దులుపుకుని "గిది తీసుకుందాం" అంది. అన్న ఇంకా లోపలి అర్రలే చూడలేదు. గృహప్రవేశం నాడు పాలు పొంగించి, అందరికీ అన్నాలు పెట్టి, మంది పోయాక అవ్వ వరండా అంచున కూర్చుని గచ్చును అరచేత్తో రుద్దుతూ చాలాసేపు ఉంది. "ఇగ పాయె నా రంది" అంది. అంత నిమ్మళంగా ఆమెను నేను అంతకుముందు చూడలేదు.

కాలనీ సంగతి వేరే. లెక్చరర్లు, బ్యాంకు సార్లు, ఇంజనీర్లు. ప్రతి ఇంటికీ కాంపౌండు గోడ, గోడకు గేటు, గేటుకు గొళ్ళెం, లోపల గులాబీ చెట్టు. సార్లు పోగానే తలుపులు మూసేసేవాళ్ళు. పగలు పిట్ట అరుపు తప్ప ఏమీ వినబడదు. ఏ ఇంట్లో ఏం కూర వండారో వాసనను బట్టి చెప్పే మా బజారు అవ్వకు అది జైలు. ఒకనాడు చల్ల చిలికి, చెంబు నిండా పట్టుకుని పక్కింటికి పోయింది. పక్కింటామె గేటు సందులోంచి చెంబు అందుకుని, "థాంక్సండీ" అని చెప్పి, గొళ్ళెం పెట్టుకుంది. చెంబు మూడో రోజు పనిమనిషి చేత వచ్చింది, తోమి, ఖాళీగా. మా బజార్లో ఖాళీ చెంబు తిప్పి పంపడం మాట లేని తిట్టు కిందే లెక్క.

"సావనీకి మంచిగున్నది గని, బతకనీకే కష్టమున్నది బిడ్డా" అని నవ్వింది అవ్వ. నవ్వింది గానీ ఆ తర్వాత ఎవరింటికీ చల్ల పట్టుకుపోలేదు. దుకాణం అన్నకు అప్పజెప్పిన తర్వాత ఆ నిశ్శబ్దం ఆమెను మరీ తినేసింది.

అందుకే వెనక ఉన్న చిన్న అర్రను కిరాయికిచ్చింది. దౌల్తాబాద్ దిక్కు నుంచి వచ్చిన పడుచు జంట. ఆయన రైసుమిల్లులో హమాలి, ఆమె ఇంట్లో బీడీలు చేస్తుంది. ఆమె మొదటినాడే అవ్వను "పెద్దమ్మా" అంది. అట్లా నాకు అక్క అయింది, ఆయన బావ అయ్యాడు. ఎవరైనా అడిగితే సొంత చుట్టాలనే చెప్పేవాళ్ళం.

అక్క చాట ఒళ్ళో పెట్టుకుని వెనక మెట్ల మీద కూర్చుని బీడీలు చుట్టేది. పైమెట్టు మీద అవ్వ. తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ ఆమె, నోటికి వచ్చింది మాట్లాడుతూ అవ్వ. కొన్నాళ్ళకు అవ్వ కూడా బీడీలకు దారం కట్టడం నేర్చుకుంది. ఆమె కట్టినవి ఊడిపోయేవి. "పెద్దమ్మా, నీ బీడీలు తాగెటోడు దారం మింగి సస్తడు" అని అక్క నవ్వేది. తంబాకు వాసన వస్తోందని పక్కింటి సారు మా అన్నకు చెప్పాడు. అవ్వ గోడ దగ్గరకు పోయి, అందరికీ వినబడేట్టు, "మా ఇంట్ల మనుషులున్నరు సారూ, వాసన రాకుంటె ఎట్ల?" అంది. బావ రాత్రి పనికి పోతే అక్క మా దగ్గరే తినేది. ఆ రెండేళ్ళూ ఆ ఇల్లు మాకు నిజంగా ఇల్లులా ఉంది.

నాకు హుస్నాబాద్ సంబంధం కుదిరింది. లగ్గం మా ఇంట్లోనే, పందిరి మా గేటు ముందే. పత్రికలు పంచేశాం. అరిసెలకు బియ్యం నానబోసిన రోజు, మిల్లులో పైదాకా పేర్చిన బస్తాల అట్టి కూలి బావ మీద పడిందని కబురు వచ్చింది. అక్క చాట పక్కన పెట్టి, తంబాకు చేతులతోనే పరుగెత్తింది. మేమింకా దవాఖానకు బయలుదేరనే లేదు, ప్రాణం పోయిందని రెండో కబురు.

పీనుగను తెస్తున్నారని కాలనీలో ఎట్లా తెలిసిందో గానీ, అప్పటిదాకా మా గేటు ముట్టని సార్లందరూ వరుసగా వచ్చారు. అంతమంది మా వరండాలో నిలబడడం గృహప్రవేశం తర్వాత అదే.

"శుభకార్యం పెట్టుకున్నారు, ఇంట్లోకి రానివ్వకండి" అన్నాడు పక్కింటి సారు. "వియ్యాలవారికి తెలిస్తే ఏమంటారో చూసుకోండి."

అన్న గోడకానుకుని నిలబడ్డాడు. నేను అవ్వ చేయి పట్టుకుని లోపలికి గుంజాను. "రానియ్యి అవ్వా. లగ్గం పోతె పోయింది. బాపును యాడ పండబెట్టిన్రో మర్శిపోయినవా?"

అవ్వ నన్ను కొట్టింది. పెద్దయ్యాక కొట్టడం అదొక్కసారే. "నోరు ముయ్యి. నీకేమెరుక? కీడు సోకిన ఇంటి పిల్ల అంటరు. వచ్చిన సంబంధం పోతె మల్ల రాదు" అంది. నాకు భయం వేసింది, ఆమె మీద కోపమూ వచ్చింది. ఈనాటికీ ఆ కోపం ఎటు పంపాలో తెలియదు, ఎందుకంటే ఆమె ఆ పని చేసింది నా కోసం.

ట్రాలీ రిక్షా గేటు ముందు ఆగింది. అక్క దాని వెనక నడిచి వస్తోంది. అవ్వ చెప్పుల్లేకుండా పోయి గేటుకు అడ్డంగా నిలబడింది.

"బిడ్డా, పొల్ల లగ్గం పెట్టుకున్నం. లోపలికి తేకు బిడ్డా. నీకు దండం పెడత."

ఓనరమ్మ మాటలు. అవే. అవ్వకు ఆ సంగతి అప్పుడే తెలిసిందనుకుంటాను, దండం పెట్టిన చేతులు చటుక్కున దించేసింది. అక్క కొట్లాడలేదు, బతిమాలలేదు. అవ్వ ముఖంలోకి ఒకసారి చూసి, రిక్షాయనతో "ఈడనే దించు" అంది. గోడ నీడ పడే చోట బావను దించారు. అన్న చాప తెచ్చాడు, నేను నీళ్ళు తెచ్చాను, అవ్వ తెల్లబట్ట పంపింది. అక్క అన్నీ తీసుకుంది. సాయంత్రం వాళ్ళ ఊరి నుంచి ట్రాక్టరు వచ్చేదాకా ఆయన తల దగ్గర కూర్చుంది. అవ్వ గేటు ఇవతల నిలబడే ఉంది. లోపలికి పోయి కూర్చోలేదు, బయటికి పోయి ఆమెను పట్టుకోనూ లేదు.

దినాలు అయ్యాక అక్క తమ్ముడితో వచ్చి సామాను సర్దుకుంది. అవ్వ దుకాణం దిక్కు పోయిన వేళ చూసే వచ్చినట్టుంది. "పైలం చెల్లే" అని నాతో చెప్పి పోయింది.

లగ్గం బాగానే జరిగింది. అందరూ అదే అన్నారు. మా అత్తగారివాళ్ళకు ఏ కీడూ కనబడలేదు. నా పెళ్ళి ఫోటోల్లో అవ్వ ఎక్కడా కెమెరా దిక్కు చూడలేదు.

హుస్నాబాద్ నుంచి నేను వచ్చినప్పుడల్లా అవ్వ వెనక మెట్ల మీదే కనబడేది. ఆ అర్రను మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు. వరండాలో కూర్చోవడం మానేసింది. పొద్దున దీపం ముట్టించేది, దండం పెట్టేది, శాపం మాత్రం పెట్టేది కాదు. ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను. "ఓనరమ్మను తిడుతలేవేందవ్వా?"

"ఏ మొఖం పెట్టుకోని తిట్టాలె?" అంది. "అది తన బిడ్డ కోసం చేసింది. నేను నా బిడ్డ కోసం చేసిన. దానికి ఆ బాధ తెల్వదు బిడ్డా. నాకు తెలుసు. తెలిసి చేసిన."

నేను ఓదార్చబోయాను. ఏం చెప్పినా అబద్ధంలా ఉంటుందనిపించి ఆమె పక్కనే కూర్చున్నాను.

అక్క చేర్యాల దగ్గర తల్లిగారింట్లో ఉంటోందని దుకాణానికి వచ్చే ఆ దిక్కు మనిషి చెప్పాడు. నేను వచ్చి ఉన్న ఒకనాడు అవ్వ బస్సెక్కి పోయింది. సాయంత్రం ముఖం వేలాడేసుకుని తిరిగి వచ్చింది. తిట్టిందా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

"మంచమేసి కూసుండవెట్టింది. చాయ పోసింది. ఆరోగ్యం ఎట్లున్నది పెద్దమ్మా అని అడిగింది. గంత మంచిగ మాట్లాడింది" అంది. సంచి మూలకు పెట్టి, "తిట్టినా బాగుండు" అంది.

తొంభైల చివర్లో అవ్వకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట మాత్రం మిగిలింది. ఒకనాడు అన్ననూ నన్నూ మంచం దగ్గరకు పిలిచింది.

"నేను పోతె నన్ను ఇంట్ల పెట్టకున్రి. గేటు బయట పెట్టున్రి. గోడ పక్కకు."

అన్నకు అర్థమైంది, అయినా కోపమొచ్చింది. "సొంత ఇల్లుండంగ నిన్ను తొవ్వల పెడితె మంది నా మొఖం మీద ఉమ్ముతరు. ఏం మాటలవ్వా ఇవి?"

"ఉమ్మనియ్యి. నా చేతుల చెయ్యేసి ఒట్టెయ్యి" అంది. ఎడమచేయి చాపి, అన్న ఒట్టేసేదాకా దించలేదు. మా అవ్వ మొండిఘటం, చావు దగ్గర మరీ మొండి.

అవ్వ ఎండాకాలంలో ఒక పొద్దున పోయింది. అన్న ఏడుస్తూనే మాట నిలబెట్టుకున్నాడు. ఇంట్లోంచి మోసుకొచ్చి, గేటు దాటించి, గోడ పక్కన పండబెట్టాం. చుట్టాలు మమ్మల్ని వింతగా చూశారు. "కోడలు రానియ్యలేదేమో" అని ఎవరో గుసగుసలాడారు, మా వదినె విని వలవలా ఏడ్చింది. పక్కింటి సారు ముసలివాడైపోయాడు. కర్ర పట్టుకుని వచ్చి "అదేంటమ్మా, లోపల పెట్టొచ్చు కదా" అన్నాడు. ఆయనకు గుర్తులేదు. నా నోటి దాకా వచ్చింది గానీ అవ్వ ముందు మాట తూలొద్దని ఆపుకున్నాను.

అన్న చేర్యాల దిక్కు అక్కకు కబురు పంపాడు. ఆమె వస్తుందని నేననుకోలేదు. పొద్దెక్కాక గోడ నీడ తరిగిపోయి, అవ్వ ముఖం మీదికి ఎండ వచ్చింది. నేను కొంగు పట్టి నిలబడ్డాను. అప్పుడు మలుపు దగ్గర అక్క కనిపించింది. చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. వచ్చి, అవ్వను చూసి, గేటును చూసి, ఆగిపోయింది. ఎవరూ చెప్పనక్కర్లేకుండా అర్థం చేసుకుంది.

"లోపలికి తీస్కపోన్రి" అంది.

"ఒట్టేయించుకున్నదమ్మా" అన్నాడు అన్న.

"నాకోసమే గద ఏయించుకున్నది? నేనే తీసేస్తున్న. తీస్కపోన్రి. గీ ఎండల ఏంది పెద్దమ్మ?" అని గొంతు పెంచింది. అప్పుడు ఏడ్చింది. బావ పోయిననాడు ఏడవని మనిషి, తొవ్వ మీద కూలబడి మా అవ్వ కోసం గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆ ఏడుపులోనే చేయి ఊపుతూ, లోపలికి, లోపలికి అంటూనే ఉంది.

అవ్వను ఎత్తుకుని లోపలికి తీసుకుపోయి వరండాలో పండబెట్టాం. పాడె కట్టేదాకా చుట్టాలు ఆమె చుట్టూ కూర్చున్నారు. అక్క మాత్రం గేటు బయటే కూర్చుంది.

అవ్వను సాగనంపాక మంది పలచబడ్డారు. నేను గేటు తెరిచి పట్టుకుని, "ఎండల ఉన్నవు, లోపలికి రా అక్కా. జర కూసో" అన్నాను.

ఆమె లేచి చీర దులుపుకుంది. ముఖంలో కోపమేం లేదు.

"పెద్దమ్మను లోపలికి పంపిన గద చెల్లే," అంది. "నన్ను రమ్మనకు."

చేర్యాల బస్సు దొరకదని, తొందరగా నడిచి పోయింది.